పట్టపగలు గ్రీన్ లేజర్ ఎంతవరకు పనికొస్తుంది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారమండి. ఎయిర్ రైఫిల్‌కి గ్రీన్ లేజర్ సైట్, అంటే గురి మీద ఆకుపచ్చ చుక్క వేసే పరికరం, బిగించుకుని పగటిపూట వాడొచ్చా అని వరసగా ప్రశ్నలు వస్తున్నాయి. జవాబు చెప్పడానికి షూటింగ్ కోచ్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ భీమవరం నుంచి. చెప్పండి సార్.

భీమవరం కాలర్: నమస్తే అండి. మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోందండి, 10 మీటర్లది. ఇంటి దగ్గర ప్రాక్టీసుకని ఎర్ర లేజర్ కొన్నాం. ఎండలో చుక్కే కనబడట్లేదు. గ్రీన్ అయితే పగలు కూడా కనిపిస్తుందని షాపతను అంటున్నాడు. నిజమేనాండి?

కోచ్: కొంతవరకు నిజమేనండి. వెలుగు రంగును నానోమీటర్లలో చెబుతారు. పగటి వెలుగులో మన కన్ను 555 నానోమీటర్ల రంగును అన్నిటికన్నా బాగా పట్టుకుంటుంది. అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ. గ్రీన్ లేజర్లు 532 దగ్గరో 520 దగ్గరో ఉంటాయి. మీ ఎర్రది బహుశా 650 అయి ఉంటుంది. పవర్ ఒకటే అయినా 650 ఎరుపు కంటే 532 గ్రీన్ మనకు దాదాపు 8 రెట్లు వెలుగుగా కనిపిస్తుంది. అయినా మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడే అట్టముక్క మీద అదీ వెలిసిపోతుంది. టార్గెట్‌ను షెడ్డు నీడలోకి జరపండి, చుక్క స్పష్టంగా తెలుస్తుంది.

భీమవరం కాలర్: ఆయ్. అయితే నీడలో పెట్టుకుని చుక్క చూసి కొట్టమని చెప్పొచ్చాండి?

కోచ్: వద్దండి. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. పెన్సిల్ ములికితో పెట్టిన చుక్కంత. లేజర్ వెలుగు పోయేకొద్దీ వెడల్పవుతుంది. 10 మీటర్ల దగ్గరకొచ్చేసరికి అర సెంటీమీటరో, సెంటీమీటరో అవుతుంది. అంత మచ్చతో అర మిల్లీమీటరును ఎలా గురిపెడుతుంది చెప్పండి? పైగా పోటీల్లో లేజర్ సైట్‌కు అనుమతి లేదు. రైఫిల్ మీదుండే రంధ్రం సైటుకే పిల్ల కన్ను అలవాటుపడాలి. మొదట్లోనే చుక్కకు అలవాటైతే ఆ సైటులోంచి చూడటం ఆలస్యంగా వస్తుంది.

భీమవరం కాలర్: మరి దేనికీ పనికిరాదంటారా?

కోచ్: ఒకదానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. రైఫిల్‌లో గుండు లేదని రెండుసార్లు చూసుకుని, లేజర్ వేసి గోడ మీద చుక్క నిలబెట్టమనండి. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చుక్క ఎటు జరిగిందో మీరు పక్కన నిలబడి చూడండి. కిందకి జారితే భుజం బిగించేస్తోందన్నమాట. పక్కకి లాగితే వేలు సరిగ్గా పడట్లేదు. ఈ చిన్న కదలిక మామూలుగా ఎవరికీ కనిపించదు, నాకు కూడా. లేజర్ దాన్ని గోడ మీద పెద్దది చేసి చూపిస్తుంది.

ఇంకోటి. లేజర్ తిన్నగా పోతుంది, గుండు మాత్రం కిందకి దిగుతూ పోతుంది. లేజర్ గొట్టం బ్యారెల్ కింద కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకని ఒక దూరానికి సరిచేసుకుంటే ఆ దూరంలోనే కలుస్తాయి. 10కి సరిచేసి 30 మీటర్ల దగ్గర చుక్కను నమ్ముకుంటే గుండు బాగా కిందకి తగులుతుంది.

యాంకర్: థాంక్యూ సార్. ఆకివీడు నుంచి లైన్లో ఉన్నారు.

ఆకివీడు కాలర్: అండి, మాది చేపల చెరువు. నీటికాకులతో పిచ్చెక్కిపోతోంది. పొద్దున్నే గుంపుగా దిగి పిల్లచేపను మింగేస్తున్నాయి. ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదంటగా, గ్రీన్ లేజర్ పెట్టి నాలుగింటిని పడేస్తే మిగతావి రావుగా?

కోచ్: మీ బాధ నాకు తెలుసన్నా, కానీ ఆ పని చేయకండి. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదన్నది కొనుక్కోవడానికే. పక్షిని కొట్టడానికి అది అనుమతి కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నీటికాకిని చంపడమే కాదు, కొట్టబోవడం కూడా వేట కిందే లెక్క. జైలు దాకా వెళ్తుంది. మీరుండేది కొల్లేరు అంచున, అభయారణ్యం పక్కనే.

చట్టం సంగతి అలా ఉంచండి. నీటి మీదకి ఏటవాలుగా కొట్టిన గుండు ఎగిరి అవతలి గట్టుకు పోతుంది. ఆ గట్టు మీద మేత చల్లేవాడు ఉంటాడు. లేజర్ కూడా నీళ్ల మీద పడి అద్దంలోంచి వచ్చినట్టు తిరిగి మనిషి కంట్లోకి వస్తుంది.

ఆకివీడు కాలర్: కొట్టకుండా లేజర్ ఊపితే బెదరవా?

కోచ్: తెల్లవారకముందు, పొద్దుగూకాక మసక వెలుగులో కొన్ని బెదురుతాయి. ఎండెక్కాక వాటికి ఆ గీతే కనబడదు. మీరు చెప్పేది పగలు కదా. చెరువు మీద అడ్డంగా నైలాన్ దారాలు కట్టండి, పిల్లచేప వదిలిన చెరువు మీద ముందుగా వల కప్పండి. ఖర్చే, కాదనను. కానీ అది ప్రతిరోజూ పనిచేస్తుంది.

యాంకర్: అమలాపురం నుంచి అమ్మగారు.

అమలాపురం కాలర్: బాబూ, మా మనవడు ఆన్‌లైన్‌లో గ్రీన్ లేజర్ తెప్పించాడు, 5 మిల్లీవాట్లు అని రాసుంది. ఆకాశంలోకి, జనం మీదకి వేస్తున్నాడు. కళ్లకి ప్రమాదమా?

కోచ్: ప్రమాదమేనమ్మా. 5 మిల్లీవాట్లు కూడా సూటిగా కంట్లో పడకూడదు. చౌక గ్రీన్ లేజర్లలో ఇంకో చిక్కుంది. 532 రకం లోపల కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌తో మొదలై ఆకుపచ్చగా మారుతుంది. మారకుండా మిగిలిన ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ లేకుండానే కొన్నిటిని అమ్మేస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2010లో ఒక చౌక పాయింటర్‌ను పరీక్షిస్తే ఆకుపచ్చ మసకగా ఉండి, కనబడని కిరణమే ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చింది. వెలుగు కనిపిస్తే కన్ను దానంతటదే మూసుకుంటుంది, కనబడనిదానికి మూసుకోదు. కాబట్టి మసకగా ఉంది కదా, ఏం కాదులే అనుకోవద్దు. ఆకాశంలోకి అసలు వేయనివ్వకండి. రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టులో దిగే విమానం పైలట్ కళ్లు చెదిరితే ఏమవుతుంది?

అమలాపురం కాలర్: ఇప్పటికే తన కంట్లో ఒకసారి పడిందంటున్నాడు బాబూ.

కోచ్: చూపు మధ్యలో నల్లమచ్చ గానీ, అక్షరాలు వంకరగా గానీ ఉంటే ఈరోజే కంటి డాక్టరు దగ్గరకి తీసుకెళ్లి రెటీనా చూపించండి. ఒక్కో కన్ను మూసి క్యాలెండరు మీద అంకెలు చదివించండి, తేడా ఉంటే మీకే తెలిసిపోతుంది. లేజర్‌లోంచి బ్యాటరీలు ఇప్పుడే తీసేయండమ్మా.