పర్లాకిమిడి మావయ్య చేసిన పని

(తెర మీద: పర్లాకిమిడి బజారులో చిన్న కొట్టు. గోడకు ఆనించిన వెదురు బొంగులు, వరసగా మట్టికుండలు.)

నమస్కారం. ఈమధ్యే మా మావయ్య సంవత్సరీకాలు జరిగాయి. వచ్చిన చుట్టాల పిల్లల్లో ఒకడు అడిగాడు, "తాతయ్య పాడె సామాన్లు అమ్మేవాడట కదా?" అని. అమ్మేవాడు, నిజమే. కానీ ఆయన పనిలో అది చిన్న ముక్క. మిగతాది ఏమిటో చెబుదామనే ఈ వీడియో.

కొట్లో ఉండేవి కోరాగుడ్డ, కొబ్బరితాళ్లు, పిడకలు, పేలాలు, కర్పూరం. వెనక షెడ్డులో ఐస్ బాక్సు, ఒక వ్యాను, ఎండిన మామిడి కట్టెలు. కబురు రాగానే మావయ్య అడిగే మొదటి ప్రశ్న, "ఎన్నింటికి పోయారు?" రెండోది, "నోరు, కళ్లు మూశారా?"

ఈ తొందర ఎందుకో చూడండి. బిగిసిన కండరం సడలాలన్నా ఒంట్లో శక్తి కావాలి. ప్రాణం పోయాక ఆ శక్తి తయారవదు కాబట్టి కండరాలు బిగుసుకుపోతాయి. 2 నుంచి 4 గంటల్లో దవడ దగ్గర మొదలై, సుమారు 12 గంటలకు ఒళ్లంతా పాకుతుంది. తర్వాత ఒక రోజు, రోజున్నరలో మెల్లగా వదులుతుంది. ఎండాకాలం ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. గడ్డం కింద నుంచి తల మీదుగా గుడ్డ కట్టడం, కాలి బొటనవేళ్లు కలిపి కట్టడం వెనక ఉన్న లెక్క ఇదే. ఆలస్యమైతే కన్నబిడ్డల కళ్ల ముందే కాళ్లూ చేతులూ బలవంతంగా సరిచేయాలి. మావయ్యకు అది సుతరామూ ఇష్టం ఉండేది కాదు. అందుకే దూరం ఊళ్ల నుంచి ఫోనొస్తే స్పీకర్ పెట్టించి, ఆ ఇంట్లో ధైర్యం ఉన్న ఒక పెద్దావిడ చేత అక్కడికక్కడే కట్టించేవాడు. "తాడు వద్దమ్మా, గుర్తు పడుతుంది. తువ్వాలు మడిచి కట్టు. ముడి చెవి పక్కకి రానీ."

(తెర మీద: మ్యాపు. పర్లాకిమిడి, పాతపట్నం, మధ్యలో రాష్ట్ర సరిహద్దు.)

ఇప్పుడు అసలు తలనొప్పి, కాగితాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి సంస్థానం రెండు ముక్కలైంది. ఊరు ఒడిశాలోకి, చాలా పల్లెలు ఇప్పటి ఆంధ్ర వైపుకి. పాతపట్నం కూతవేటు దూరమే, కానీ రాష్ట్రం వేరు. ఇక్కడివాళ్లకు పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళమో విశాఖో పరుగెత్తుతారు. అక్కడ ప్రాణం పోతే, శవాన్ని ఇంటికి తెచ్చి దహనం చేసి, సర్టిఫికెట్ కోసం పర్లాకిమిడి మునిసిపాలిటీకి వెళతారు. అక్కడ దొరకదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. ఉండే ఊరు, కాల్చిన ఊరు లెక్కలోకి రావు. గడువు 21 రోజులు. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో పోతుంది. ఆపైన ఏడాది లోపు అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వే. పెద్దకర్మ అయ్యాక చూద్దాంలే అనుకుంటే, సగం గడువు అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

ఇంకో చిక్కు, పేరు. మనకి ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకు వెనక. ఆధార్‌లో ఒకలా, పెన్షన్ పుస్తకంలో ఒకలా ఉంటే బ్యాంకులో కౌంటర్ల చుట్టూ తిరగడమే. మావయ్య ఆసుపత్రిలోనే ఆధార్ జిరాక్సు తీసి, ఫారంలో ప్రతి అక్షరం దానితో పోల్చాకే వ్యాను కదలనిచ్చేవాడు. డ్రైవరు విసుక్కున్నా సరే.

డబ్బు లేనివాళ్లకి ఒడిశా ప్రభుత్వ పథకం ఒకటుంది. 2013లో మొదలుపెట్టారు, పేరు హరిశ్చంద్ర సహాయత. మొదట్లో దహనానికి పల్లెల్లో 2,000, పట్టణాల్లో 3,000 రూపాయలు ఇచ్చేవారు. కాటికాపరి పని చేసిన రాజు పేరు పెట్టిన అధికారి ఎవరో గానీ, మన పద్యనాటకం బాగా చూసినట్టున్నాడు.

(తెర మీద: తుపాను తర్వాత కూలిన చెట్లు, వంగిన కరెంటు స్తంభాలు.)

2018 అక్టోబరు 11. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. కరెంటు లేదు. కరెంటు లేని ఐస్ బాక్సు ఉత్త పెట్టె. మావయ్య ఎక్కడెక్కడి నుంచో ఐసు దిమ్మలు తెప్పించి, త్వరగా కరగకుండా ఊకలో పూడ్చి ఉంచాడు. ఒక చితికి 4, 5 క్వింటాళ్ల కట్టె పడుతుంది, తడి కట్టె అయితే పొగే తప్ప మంట రాదు. షెడ్డులో ఎత్తున పేర్చిన మామిడి కట్టె అప్పుడు అక్కరకొచ్చింది. ఎవరి దగ్గరా ధర పెంచలేదు.

ఆ వారంలో శవపేటికలు కూడా చేయించాడు. గజపతి జిల్లాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే, ఎక్కువమంది కొండల మీది సవరలు. పేటికకు పొడవు కంటే భుజాల కొలత ముఖ్యమని వడ్రంగికి తనే చెప్పేవాడు.

(తెర మీద: ఇంటి వెనక నుయ్యి, పెరట్లో జామచెట్టు.)

ఇంటి సంగతి. ఏ పని నుంచి వచ్చినా నూతి దగ్గర తలస్నానం చేశాకే గడప తొక్కేవాడు. రాత్రి భోజనం అందరితో కలిసే. ఆ వేళ ఫోను అత్తయ్య దగ్గర ఉండేది, సగం పనులు ఆవిడే మాటల్లో తేల్చేసేది. చావింట్లో పొయ్యి వెలగదు కదా, అక్కడి పిల్లల కోసం గిన్నెడు ఉప్మా, ఫ్లాస్కులో టీ పంపేది కూడా అత్తయ్యే. ఆ ఖర్చు బిల్లులో రాసేవారు కాదు.

లోకం తీరు తెలిసిందే. అర్ధరాత్రి తలుపు కొట్టినవాళ్లే పొద్దున్న ఆయన ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరిగేవారు. పెళ్లిళ్లకు ఆయన ఆఖరి బంతికి వెళ్లేవాడు. పెద్దకూతురి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు, కొట్టు మూసేస్తే ఆలోచిస్తామన్నారు. మావయ్య కాఫీలు తాగించి, వీధి చివర దాకా సాగనంపి వచ్చాడు. ఇంట్లోకి వచ్చి అత్తయ్యతో అన్నది ఒకటే, "కుదర్లేదు. పిల్లకి చెప్పు, తప్పు దానిది కాదని."

ఆ తర్వాత పాతపట్నం అబ్బాయితో కుదిరింది. ఇప్పుడు వ్యాను నడిపేది అతనే. కాగితాలు ఆ పెద్దకూతురు చూస్తుంది. కొట్టు ముందు ధరల బోర్డు తెలుగులో, ఒడియాలో మావయ్య రాయించిందే. ఆ సమయంలో ఎవరికీ బేరమాడే ఓపిక ఉండదని పెట్టించాడు. కట్టె ధర మాత్రం ఈ ఏడాది మార్చారు.