పోటు ఎన్నింటికి? కోరంగి మడ అడవిలో పెద్దవాళ్ళ బడి

హోస్ట్: నమస్కారం. ఇవాళ ముందు నా తప్పు చెప్పేసి మొదలుపెడతాను. పోయిన నెలలో మేం ఇరవై మంది కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి చూడడానికి వెళ్ళాం. అందరం ముప్పై దాటినవాళ్ళమే, అరవై దాటినవాళ్ళూ ఉన్నారు. తీసుకెళ్ళింది ఈ మేడం. జువాలజీ లెక్చరర్‌గా రిటైరై, ఇప్పుడు పెద్దవాళ్ళని అడవులకీ చెరువులకీ తిప్పుతూ పాఠాలు చెబుతున్నారు. ఎనిమిదిన్నరకల్లా చొల్లంగి దగ్గర ఉండమన్నారు. మేం పెసరట్టు ఉప్మా తిని, రెండో కాఫీ కూడా తాగి, పదిన్నరకి చేరాం.

అతిథి: పదీ ముప్పావు.

హోస్ట్: సరే మేడం, పదీ ముప్పావు.

అతిథి: అప్పటికే పడవ నడిపే సరంగు దాన్ని తాడేసి కట్టేశాడు. "ఆయ్, నీరు దిగిపోతోందండి, ఇప్పుడెళ్తే కాలవలో కూరుకుపోతామండి" అన్నాడు. మీలో ఒకాయన ఇంకో ఐదొందలు ఇస్తానన్నాడు, గుర్తుందా? ఐదొందలిస్తే సముద్రం వెనక్కొస్తుందా బాబూ?

హోస్ట్: ఎనిమిదిన్నర అంటే మామూలుగా చెప్పే టైమే అనుకున్నాం. పెళ్ళికి తొమ్మిదంటే పదింటికి వెళ్తాం కదా.

అతిథి: నేను కూడా ముహూర్తంలాగే పంచాంగం చూసి పెట్టాను మరి! సముద్రం నీరు ఎక్కితే పోటు, దిగితే ఆటు. ఇక్కడ చేపలు పట్టేవాళ్ళు తిథిని బట్టే పోటు లెక్క కడతారు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, ఆటు కూడా పెద్దదే. అష్టమి దగ్గర పడితే నీళ్ళలో బలం ఉండదు. ఏటా పుష్య అమావాస్యకి చొల్లంగి తీర్థం జరుగుతుంది, జనం సముద్ర స్నానాలకి వస్తారు. మునిగేవాళ్ళకి పుణ్యం సంగతి తెలుసు. ఆ రోజు నీళ్ళు అంత ఎత్తుకి ఎందుకొస్తాయో అడిగితే చాలామంది చెప్పలేరు.

హోస్ట్: పడవ లేదనగానే నాకైతే ట్రిప్పు పోయిందనిపించింది.

అతిథి: మీ అందరి మొహాలూ చూశాను. నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది. పోటు మీద పడవలో వెళ్తే ఆకుపచ్చ గోడల మధ్య షికారు చేసినట్టుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. నీళ్ళు దిగాకే అసలు చెట్టు కనిపిస్తుంది. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచి ఉన్నాయే, అవేమిటని నువ్వే అడిగావు.

హోస్ట్: ఎవరో నరికేసిన మొక్కల మోళ్ళు అనుకున్నాను.

అతిథి: అవి తెల్ల మడ చెట్టు వేర్లు. మామూలు వేరు కిందికి పోతుంది, ఇవి పైకొస్తాయి. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి ఆటు ఉన్నంతసేపు వేర్లే బయటికొచ్చి ఊపిరి పీలుస్తాయి. అందుకే చెక్క బాట దిగొద్దని అంతసేపు మొత్తుకున్నాను. అయినా రేవు దగ్గర ఒకాయన బురదలో దిగి చెప్పు పోగొట్టుకున్నాడు.

హోస్ట్: ఆ చెప్పు ఇంకా అక్కడే ఉంటుంది. ఆకు నాకించారు, అది చెప్పండి.

అతిథి: నాకించే ముందు నాకకూడనిది చూపించాను, ఆ వరస మారకూడదు. తిల్ల చెట్టు ఉంది, కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. తిల్ల ఏదో గుర్తుపట్టడం వచ్చాకే తెల్ల మడ ఆకు మీద నాలుక పెట్టమన్నాను.

హోస్ట్: ఉప్పగా ఉంది. పకోడీ మీద చల్లినంత ఉప్పు.

అతిథి: వేర్ల దగ్గర కొంత ఉప్పుని ఆపేస్తుంది, లోపలికి వచ్చినదాన్ని ఆకుల మీంచి బయటికి తోసేస్తుంది. ముప్పై ఏళ్ళు ఈ సంగతి బ్లాక్‌బోర్డు మీద చెప్పాను. ఒక్క స్టూడెంట్ కూడా "అబ్బా" అనలేదు. మీరు ఇరవై మందీ అన్నారు.

హోస్ట్: పిల్లలకంటే పెద్దవాళ్ళకి చెప్పడం తేలికా?

అతిథి: కాదు, కష్టం. పిల్లలు "ఇదేంటి" అని అడుగుతారు. పెద్దవాళ్ళు "ఇది దేనికి పనికొస్తుంది, షుగర్‌కి మంచిదా" అని అడుగుతారు. బురద అంటుకుంటుందని భయం, తెలీదని చెప్పడానికి సిగ్గు. ఒక గంట గడిస్తే గానీ దారికి రారు. వచ్చాక మాత్రం వదలరు. మీ గుంపులో పెద్దాయన ఒక్క పీత దగ్గరే అరగంట నిలబడ్డాడు.

హోస్ట్: ఒక డెక్కె పెద్దగా, ఒకటి చిన్నగా ఉన్న పీత.

అతిథి: అది మగ పీత. పెద్ద డెక్కె ఊపి ఆడ పీతల్ని పిలుస్తుంది, మిగతా మగవాటిని బెదిరిస్తుంది. తినడానికి చిన్న డెక్కె ఒక్కటే పనికొస్తుంది. ఆ పెద్దాయన "మా ఊళ్ళో కొందరు ఇంతేనండి" అన్నాడు. పాఠం ఆయనకి ఎక్కింది.

హోస్ట్: నీటిపిల్లి కనిపిస్తుందని ఆశపడ్డాం.

అతిథి: రాత్రి తిరిగే జంతువు, పగలు గుంపుగా కబుర్లు చెబుతూ పోయేవాళ్ళకి ఎందుకు కనిపిస్తుంది? నీళ్ళలో దిగి చేపల్ని పట్టే పిల్లి అది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్లలో నీటిపిల్లులూ ఉన్నాయి, నీటికుక్కలూ ఉన్నాయి. పులి కోసమే అడవికొచ్చేవాళ్ళకి నేనేం చెప్పలేను. బురద మీద అడుగులు చూపిస్తాను, అంతే.

హోస్ట్: మేడం, మొక్కల విషయం. మా ఆఫీసువాళ్ళు వంద మొక్కలు నాటి ఫొటో దిగుదామన్నారు, మీరు ఒప్పుకోలేదు. వాళ్ళకి బాగా కోపమొచ్చింది.

అతిథి: వచ్చిందని తెలుసు. బ్యానర్ కూడా కొట్టించారు పాపం. చూడు, మడకి మనం నాటకపోయినా విత్తనాలు చాలా ఉన్నాయి. ఉప్పు పొన్న అయితే కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా వేలాడుతుంది. బురదలో పడితే నాటుకుంటుంది, నీళ్ళలో పడితే తేలుతూ పోయి ఇంకెక్కడో నాటుకుంటుంది. మరి కొన్నిచోట్ల అడవి ఎందుకు తిరిగి రాలేదు? వెనకటి రోజుల్లో కలప కోసం ఒక్కో భాగం మొత్తంగా నరికారు. నీడ పోయింది, నేల ఎండి కుంగింది, పళ్ళెంలా తయారైంది. పోటులో వచ్చిన నీరు ఆటులో బయటికి పోలేక అక్కడే నిలిచి ఎండుతుంది. అలా ఏటికేడాది ఉప్పు పెరిగి, మడ కూడా తట్టుకోలేని నేల అయింది. అందులో వంద మొక్కలు నాటితే ఏమవుతుంది?

హోస్ట్: వంద మొక్కలూ చస్తాయి.

అతిథి: ఫొటో మాత్రం బతుకుతుంది. ఇక్కడ కావలసింది కాలవ. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, ఊళ్ళవాళ్ళు కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఆ పనే చేశారు. చేప ముల్లులా మధ్యలో పెద్ద కాలవ, రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలవలు తవ్వారు. పోటు లోపలికొస్తుంది, ఆటు ఉప్పుని కడిగి తీసుకుపోతుంది. ఆ తర్వాత నాటితే మొక్క నిలబడుతుంది. గునపం, పలుగు పట్టిన పనిని ఎవరూ ఫొటో తీయరు.

హోస్ట్: రొయ్యల చెరువుల మీద కూడా గట్టిగానే మాట్లాడారు.

అతిథి: తీరంలో ఆ చెరువులు విచ్చలవిడిగా పెరిగితే 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. కానీ చెరువు గట్టు మీద పనిచేసి బతికేవాళ్ళు ఈ పక్కనే ఉన్నారు, వాళ్ళని తిట్టి మనం కార్లో వెళ్ళిపోవడం నాకు నచ్చదు. రొయ్య పిల్లలు, మండ పీతలు పెరిగేది ఈ వేర్ల మధ్యనే. ఆ మాట సరంగు చెబితేనే బాగుంటుంది. అందుకే ట్రిప్పులో ఒక గంట ఆయనకి వదిలేస్తాను.

హోస్ట్: ఆయన తుపాను గురించి చెబుతుంటే అందరం ఫోన్లు పక్కన పెట్టేశాం.

అతిథి: 1996 నవంబరు తుపాను. కోనసీమలో ఆ రాత్రి గురించి అడిగితే కథ లేని ఇల్లుండదు. అంతకుముందు, 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవునే తుడిచిపెట్టింది. ఓడలు కట్టిన ఊరు అది. ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళని బర్మాలోనూ మారిషస్‌లోనూ కోరంగీలు అనే పిలిచారు. ఇప్పుడు ఆ ఊరి పేరు బోర్డు చూస్తే యానాం రోడ్డు మీద ఒక మామూలు ఊరు.

హోస్ట్: చివరగా, మళ్ళీ వెళ్ళాలనుకునేవాళ్ళకి?

అతిథి: నా ట్రిప్పు ఒకటి కాదు బాబూ, రెండు ఆదివారాలు. పోటు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, వారం తిరిగేసరికి దాదాపు ఆరు గంటలు. ఈ ఆదివారం పొద్దున నిండు పోటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకి ఆటు. అదే చోట, అదే టైముకి నిలబడితే రెండు వేరే అడవులు కనిపిస్తాయి. మీరు ఆలస్యంగా వచ్చి ఆటు చూశారు, పోటు మిగిలిపోయింది.

హోస్ట్: తర్వాతి ఆదివారం ఎంతమంది వచ్చారు?

అతిథి: ఏడుగురు. పీత పెద్దాయన అందరికంటే ముందొచ్చాడు. నువ్వు రాలేదు.

హోస్ట్: ఈ నెల వస్తాను మేడం. టైము చెప్పండి.

అతిథి: పౌర్ణమి వెళ్ళిన మర్నాడు. టైము ముందురోజు చెబుతాను. టిఫిన్ మాత్రం కట్టించుకుని రా, పడవలో తిందువుగాని.