పేరు తెలిసిన మొక్క

శ్రోతలకు నమస్కారం.

ఏటా సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా చాలామంది క్రైస్తవులు ప్రకృతి కోసం ప్రార్థించే ‘సృష్టి కాలం’ పాటిస్తారు. చివరి రోజు అస్సీసి పునీత ఫ్రాన్సిస్ పండుగ. సూర్యుణ్ణి అన్న అని, నీటిని చెల్లి అని పిలిచిన మనిషాయన. ఆయన కీర్తనలోని మాటనే పేరుగా పెట్టి పోపు ఫ్రాన్సిస్ 2015లో ‘లౌదాతో సీ’ (నీకు స్తుతి) అనే విశ్వలేఖ, అంటే లోకమంతటికీ ఉద్దేశించిన ఉత్తరం, రాశారు. మనం ఎరగకముందే, మన పిల్లలు చూడకముందే ఏటా వేల జాతులు మాయమైపోతున్నాయని అందులో బాధపడ్డారు.

ఎరగడం అన్న ఆ మాట దగ్గరే నా మనసు ఆగుతుంది. ఈ రోజుల్లో కథోలిక కాలేజీల్లో మొక్కలు నాటుతారు, ప్రార్థనలు చేస్తారు. మంచిదే. కానీ అదే ఆవరణల్లో వందేళ్లకు పైగా ఇంకో సేవ కూడా జరుగుతోంది. ముంబయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో స్విట్జర్లాండుకు చెందిన, జెసూట్ అనే కథోలిక సన్యాసి సభలోని ఫాదర్ బ్లాటర్ 1906లో ఎండు మొక్కల భాండాగారం (హెర్బేరియం) మొదలుపెట్టారు. ఇప్పుడక్కడ లక్షకు పైగా నమూనాలున్నాయి. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ సంతపావు పడమటి కనుమల్లోని ఖండాలా కొండలెక్కి అక్కడి మొక్కలన్నిటినీ గ్రంథస్థం చేశారు. తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో ఫాదర్ మాథ్యూ 1967లో రాపినాట్ హెర్బేరియం నెలకొల్పారు. పూజ చేసిన చేతులతోనే మొక్కల వేళ్లకంటిన మట్టి దులిపి వాటిని దాచారు వీళ్లు. నా దృష్టిలో ఆ రెండూ వేరు కావు.

బీఎస్సీలో బోటనీ చదివినవాళ్లకు ఆ పని తెలుసు. పువ్వుతో, వేరుతో సహా మొక్కను తీసి, పాత పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టాలి. వానాకాలమైతే రోజూ పేపర్లు మార్చాలి, లేదంటే బూజు పడుతుంది. ఆరాక దళసరి అట్టకు కుట్టి, అడుగున పేరు, ఊరు, తేదీ రాయాలి.

మా క్లాసులో లాటిన్ పేర్లకు తడబడేవాళ్లం. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మాత్రం ఆకు చూడగానే ‘ఉత్తరేణి’ అనేవాళ్లు. వినాయక చవితి పత్రి కోసం తాతతో తిరిగిన చదువది. ఒకమ్మాయి తుమ్మి మొక్క తెచ్చి, “చవితినాడు మా ఇంట్లో దీని కూరే” అంది. మాకు పాఠం చెప్పే ఫాదర్ లాటిన్ పేరు కింద ‘తుమ్మి’ అని తెలుగులో రాయించారు, కూర సంగతి కూడా.

నేను తయారుచేసిన తుమ్మి షీటు ఇంకా నా దగ్గరుంది. తెల్లగా ఉండే పూలు గోధుమరంగుకు తిరిగాయి. కోసుకొచ్చిన చోటు ‘హాస్టల్ వెనక చెరువుగట్టు’ అని నా చేతిరాతలోనే ఉంది. మొన్న అటు వెళ్లి చూశాను. గట్టు లేదు, సిమెంటు రోడ్డుంది. రోడ్డు అంచున, కాలువ పక్క పగుల్లో, రెండు తుమ్మి మొక్కలు పూసి ఉన్నాయి.