నేస్తం చనిపోయే అధ్యాయం

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలలో పిల్లల పుస్తకాల గురించి మాట్లాడమని నన్ను పిలిచిన నిర్వాహకులకు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు. కుటుంబం, స్నేహం, ఎదుగుదల అన్న మూడు మాటలు నాకు విషయంగా ఇచ్చారు. మూడింటి గురించి తలా కొంచెం చెప్పడం కంటే, మూడూ ఒక్కచోట కలిసే ఘట్టాన్ని తీసుకొని దాని దగ్గరే కొంతసేపు నిలబడడం మేలనిపించింది. కథలో పిల్లల నేస్తం చనిపోయే ఘట్టం అది.

పిల్లలకు పుస్తకం కొనబోయే పెద్దలు చాలామంది ముందుగా అడిగేది, ఇందులో పిల్లలను ఏడిపించేదేమీ లేదు కదా అని. ఆ ప్రశ్న ప్రేమతో అడిగేదే కనుక దాన్ని తేలికగా తీసివేయను. ఇంట్లో తాతయ్య పోయినప్పుడు పిల్లలను పక్కింటికి పంపించేదీ, ఊరెళ్లాడనీ దేవుడి దగ్గరికి వెళ్లాడనీ చెప్పేదీ ఆ ప్రేమతోనే. అయితే దినాలకు చుట్టాలంతా వచ్చేసరికి పిల్లలకు సంగతి ఎలాగూ తెలిసిపోతుంది. దాని గురించి పెద్దవాళ్లను అడగకూడదన్న సంగతి కూడా వాళ్లకు ఆ రోజునే తెలుస్తుంది. ఈ రెండింటిలో రెండోదే పిల్లలకు ఎక్కువ చెరుపు చేస్తుందని నేను నమ్ముతాను. పిల్లవాడు పైకి అడగలేకపోయిన మాటను తనంతట తానుగా ఎత్తుకొనే పుస్తకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మూడింటిని గురించి చెబుతాను.

మొదటిది అమెరికా రచయిత ఇ.బి. వైట్ 1952లో ప్రచురించిన 'షార్లట్స్ వెబ్'. ఉదయం ఫలహారాల వేళ, గొడ్డలి పట్టుకొని బయలుదేరిన తండ్రిని చూసి, నాన్న ఎక్కడికి వెళుతున్నాడని ఎనిమిదేళ్ల ఫెర్న్ తల్లిని అడగడంతో కథ మొదలవుతుంది. రాత్రి ఈనిన పందిపిల్లల్లో ఒకటి బక్కచిక్కి పుట్టింది, దాన్ని వదిలించుకోవడానికి తండ్రి వెళుతున్నాడు. ఫెర్న్ అడ్డుపడి దాని ప్రాణం దక్కించి, విల్బర్ అని పేరు పెట్టి, సీసాతో పాలు పట్టి పెంచుతుంది. చావు సంగతి మొదటి వాక్యంలోనే, అదీ ఇంటి భోజనాల బల్ల దగ్గర, కన్నతండ్రి చేతిలో పనిముట్టుగా కనబడుతుంది. వైట్‌కు ఈ విషయం పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. మెయిన్ రాష్ట్రంలోని తన పొలంలో పెంచుకుంటున్న పంది జబ్బుపడి చనిపోతే, ఎలాగూ మాంసానికని పెంచుతున్న జంతువు కోసం తాను రాత్రులు మేలుకొని ఎందుకంత దుఃఖపడ్డానో తేల్చుకోవడానికి ఆయన ఒక వ్యాసమే రాశారు. అది 1948 జనవరిలో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో వచ్చింది. నాలుగేళ్ల తరువాత వచ్చిన ఈ పిల్లల కథలో పంది బతికింది. దాన్ని బతికించిన నేస్తం చనిపోయింది.

ఆ నేస్తం షార్లట్ అనే సాలెపురుగు. చలికాలం రాగానే విల్బర్‌ను కోస్తారని తెలిసి, పశువుల కొట్టం గుమ్మంలో తన గూటి దారాలతో విల్బర్‌ను పొగిడే మాటలు అల్లి, అది మామూలు పంది కాదని మనుషులందరినీ నమ్మిస్తుంది. సంతలో విల్బర్‌కు బహుమతి వచ్చి ప్రాణభయం తీరిపోయే నాటికి షార్లట్ ఆయువు అయిపోవస్తుంది. గుడ్ల సంచి పెట్టాక తన జాతి సాలీళ్లు ఎక్కువ కాలం బతకవని ఆమెకు తెలుసు, ఆ సంగతిని విల్బర్‌తో దాపరికం లేకుండా చెబుతుంది. అందరూ ఇళ్లకు వెళ్లిపోయిన సంత మైదానంలో, ఖాళీ కొట్టంలో షార్లట్ చనిపోతుంది. చనిపోయేటప్పుడు ఆమె దగ్గర ఎవరూ లేరన్న చిన్న వాక్యంతో అధ్యాయం ముగుస్తుంది. ఆ వాక్యం తరువాత ఓదార్పు మాట ఒక్కటీ లేదు, స్వర్గం లేదు, నక్షత్రం లేదు.

ఆ అధ్యాయానికి రచయిత మొదట 'షార్లట్ మరణం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. సంపాదకురాలు ఉర్సులా నార్డ్‌స్ట్రమ్ దాన్ని మార్చమని సూచిస్తే 'చివరి రోజు' అన్న పేరు ఖాయమైంది. ఆమె మార్చమన్నది శీర్షికనే తప్ప మరణాన్ని కాదు. విషయసూచిక చూడగానే గుట్టు బయటపడకుండా, పిల్లవాడు కథలో నడుస్తూ నడుస్తూ అక్కడికి చేరేలా చేశారు. పిల్లలను కాపాడడం అన్న మాటకు ఎంతవరకు హద్దు గీయాలో ఆ సంపాదకురాలికి తెలుసునని నేనంటాను. 1970లో వైట్ స్వయంగా ఈ పుస్తకాన్ని చదివి రికార్డు చేసినప్పుడు, ఈ ఘట్టం దగ్గర గొంతు పూడుకుపోయి పదిహేడు సార్లు చదవవలసి వచ్చిందని ఆ రికార్డింగు చేయించిన నిర్మాత చెప్పారు. రాసినవాడికే అలా ఉంటే, పిల్లలకు చదివి వినిపిస్తూ మన గొంతు వణికితే అందులో సిగ్గుపడవలసింది లేదు.

అసలైన ఎదుగుదల ఆ మరణం తరువాతి పుటల్లో ఉంది. తనకంటూ ఏ పనీ చేతకాని విల్బర్, ఎప్పుడూ ఎవరో ఒకరు తనను కాపాడాలని ఏడ్చే విల్బర్, ఆ గుడ్ల సంచిని నోట్లో పెట్టుకొని భద్రంగా ఇంటికి తెస్తాడు. అందుకోసం టెంపుల్టన్ అనే స్వార్థపరుడైన ఎలుకతో బేరమాడి, ఇకపై తన తొట్టిలో ముందు నువ్వే తిను అని మాట ఇస్తాడు. తిండి తప్ప మరో ధ్యాస లేని ఆ పంది వదులుకున్నది ఎంత పెద్దదో వినే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. వసంతంలో 514 పిల్లలు పుడతాయి, గాలికి తేలి దాదాపు అన్నీ ఎగిరిపోతాయి, మూడు మాత్రం ఉండిపోతాయి. వాటిని విల్బర్ ఎంతో ప్రేమిస్తాడు, అయినా షార్లట్ స్థానం ఎవరికీ దక్కలేదని రచయిత చెబుతాడు. కుక్కపిల్ల చచ్చిపోతే ఏడవకు, రేపు ఇంకోటి తెస్తాలే అని తొందరపడి అనేసే మనబోటి వాళ్లు చదవవలసిన చోటు ఇది.

ఈ కథలో ఫెర్న్ ఏమైందన్నది చాలామంది పట్టించుకోరు. విల్బర్‌ను కాపాడిన పిల్ల, కొట్టంలో ముక్కాలి పీట మీద కూర్చొని జంతువుల మాటలు విన్న పిల్ల, సంతలో హెన్రీ అనే అబ్బాయితో జెయింట్ వీల్ ఎక్కాలన్న ఉబలాటంలో పడిపోయి, ఆ తరువాత కొట్టానికి రావడమే తగ్గించేస్తుంది. రచయిత ఆమెను ఒక్క మాట అనడు. ఎదిగే పిల్లలు కొన్ని స్నేహాలను ఇలా, ఎవరి తప్పూ లేకుండానే వదిలి వెళ్లిపోతారు. అది కూడా ఒక ఎడబాటే. దాన్ని నిందగా కాక జీవితంగా రాయడం చాలా కష్టమైన పని.

రెండో పుస్తకం గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికా రచయిత్రి కేథరిన్ పేటర్సన్ 1977లో ప్రచురించిన 'బ్రిడ్జ్ టు టెరబీతియా'కు మరుసటి ఏడాది, అక్కడ పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. ఆమె కొడుకు చిన్ననాటి స్నేహితురాలు ఎనిమిదేళ్ల వయసులో పిడుగుపాటుకు మరణించింది, ఆ దుఃఖంలోంచి ఈ కథ పుట్టింది. వర్జీనియా పల్లెలో జెస్, లెస్లీ అనే ఇద్దరు పిల్లలు వాగు దాటి అవతల అడవిలో ఒక ఊహా రాజ్యం కట్టుకుంటారు. తాడు పట్టుకొని ఊగుతూ వాగు దాటాలి. జెస్ తన సంగీతం టీచరుతో వాషింగ్టన్ వెళ్లిన రోజున లెస్లీ ఒంటరిగా వెళుతుంది, తాడు తెగుతుంది. కబురు విన్న జెస్ నమ్మడు. మరునాడు తల్లి పెట్టిన పాన్‌కేకులను ఆవురావురుమని తింటాడు, అది చూసి అక్క మండిపడుతుంది. దుఃఖంలో ఉన్న పిల్లవాడికి ఆకలి వేస్తుంది, ఆట మీదికి మనసు పోతుంది, తాను చెడ్డవాడినేమో అన్న భయం పుడుతుంది. దాన్ని ఇంత నిజాయితీగా రాసిన చోటు మరొకటి నాకు గుర్తు రావడం లేదు. లెస్లీ ఇచ్చిన రంగులను జెస్ కోపంతో వాగులోకి విసిరేసినప్పుడు, అంతవరకు కొడుకును దగ్గరికి తీసుకోవడమే తెలియనట్టుండే తండ్రి వచ్చి అతణ్ణి ఒళ్లోకి తీసుకుంటాడు. స్నేహితురాలి మరణం వల్ల తండ్రీకొడుకులు ఒకరికొకరు దొరుకుతారు. ఈ పుస్తకాన్ని బడుల నుంచి, గ్రంథాలయాల నుంచి తీసివేయాలని అమెరికాలో పదేపదే డిమాండ్లు వచ్చాయి. అభ్యంతరాలు భాష మీదే కాదు, మరణం మీద కూడా ఉన్నాయి.

మూడో పుస్తకం మీలో చాలామందికి 'రైలుబడి'గా తెలుసు. తెత్సుకో కురొయానగి 1981లో జపాన్‌లో ప్రచురించిన తన బాల్యస్మృతులు అవి. దాన్ని మనం ఎక్కువగా ఉపాధ్యాయ శిక్షణలో, ఆదర్శపాఠశాల గురించిన గ్రంథంగా చదువుతున్నాం. రైలు పెట్టెల్లో తరగతులు, పిల్ల మాటలను గంటల తరబడి వినే ప్రధానోపాధ్యాయుడు కొబాయాషి గారు, ఇవన్నీ మనకు బాగా గుర్తుంటాయి. నా దృష్టిలో ఆ పుస్తకానికి గుండెకాయ, యాసుఆకి అనే తోటి పిల్లవాడితో తొత్తొచాన్, అంటే చిన్ననాటి తెత్సుకో, చేసిన స్నేహం. యాసుఆకికి పోలియో. ఆ బడిలో ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు సొంతం, యాసుఆకి మాత్రం ఏ చెట్టూ ఎక్కలేడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తొత్తొచాన్ అతణ్ణి తన చెట్టు మీదికి పిలుస్తుంది. నిచ్చెన సరిపోదు, స్టూలు లాంటి మరో నిచ్చెన ఈడ్చుకొస్తుంది, చెమటలు కారుతుండగా తన బలమంతా పెట్టి అతణ్ణి పైకి లాగుతుంది. ఇద్దరూ కొమ్మల్లో కూర్చొని కబుర్లు చెప్పుకుంటారు. యాసుఆకి చెట్టెక్కడం అదే మొదలు, అదే చివర అని రచయిత్రి అక్కడే చెప్పేస్తుంది. అతను చనిపోవడానికి ఇంకా చాలా పుటలుండగానే చెప్పడం వల్ల, ఆ తరువాత యాసుఆకి కనబడిన ప్రతిసారీ చదివే పిల్లలు అతణ్ణి ఇంకొంచెం ఆప్యాయంగా చూస్తారు.

ఒక రోజు ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరినీ సమావేశపరిచి, యాసుఆకి చనిపోయాడని సూటిగా చెబుతాడు. మీ అందరికీ అతనంటే ఇష్టమని తెలుసు, నాకూ దుఃఖంగా ఉంది అంటాడు. తరువాత పిల్లలందరూ అంత్యక్రియలకు వెళ్లి తలా ఒక పువ్వు పెట్టి వస్తారు. పెద్దమనిషి తన దుఃఖాన్ని పిల్లల ముందు ఒప్పుకొన్నాడు కనుకనే పిల్లల దుఃఖానికి చోటు దొరికింది. తొత్తొచాన్ చేతిలో యాసుఆకి చదవమని ఇచ్చిన 'అంకుల్ టామ్స్ కేబిన్' పుస్తకం మిగిలిపోతుంది.

ఇదే పుస్తకంలో పెద్దలు దాచిన సంగతి కూడా ఒకటుంది. అంతకుముందు బడి నుంచి తనను వెళ్లగొట్టారన్న నిజాన్ని తల్లి తొత్తొచాన్‌కు ఇరవయ్యేళ్లు వచ్చేవరకు చెప్పలేదు. అలా చెప్పనందుకు రచయిత్రి తల్లికి ఎంతో కృతజ్ఞత చూపుతుంది. మరి దాచడం మంచిదా, చెడ్డదా అని ఎవరైనా అడగవచ్చు. బడివాళ్లు వేసిన ముద్ర ఆ పిల్ల మోయవలసిన బరువు కాదు, తల్లి తానే మోసింది. యాసుఆకి మరణం అలాంటిది కాదు, అది ఆ పిల్ల సొంత జీవితంలో జరిగింది, ఆమె నేస్తానికి జరిగింది. పిల్లవాడి గురించి ఇతరులు అన్న మాటను పిల్లవాడి నుంచి దాచవచ్చు. అతని నేస్తాన్ని గురించిన నిజాన్ని దాచే హక్కు మనకు లేదు.

ఇదంతా పరాయి దేశాల వాళ్ల పద్ధతి, మన పిల్లలకు పడదు అనేవారికి మన కథలనే గుర్తు చేస్తాను. చిన్నయసూరి 1853లో ప్రచురించిన 'నీతిచంద్రిక'ను తరతరాల తెలుగు పిల్లలు బడిలో చదివారు. అందులో మిత్రభేదం ఎలా ముగుస్తుంది? దమనకుడనే నక్క మాటలు నమ్మి పింగళకుడనే సింహం తన ప్రాణస్నేహితుడైన సంజీవకుడనే ఎద్దును చంపేస్తుంది. స్నేహితుడి చేతిలోనే స్నేహితుడి చావు, అంతకంటే కఠినమైనది ఏముంటుంది? అనంతామాత్యుడి 'భోజరాజీయం'లోని ఆవు, పులి దగ్గర గడువు అడిగి ఇంటికి వచ్చి, లేగదూడకు పాలిచ్చి, తాను చావబోతున్నానని చెప్పి మరీ బుద్ధులు చెబుతుంది. కన్నతల్లే తన మరణాన్ని బిడ్డకు నోరువిప్పి చెప్పే కథ అది. దాన్ని మన అమ్మమ్మలు పిల్లలను పక్కలో పడుకోబెట్టుకొని చెప్పారు. ఆ పిల్లలెవరూ పాడైపోలేదు.

అయితే మన పాత కథల తీరు వేరు. సంజీవకుడు చచ్చాక చెడ్డ మంత్రి మాట వినరాదన్న నీతి మనకు అందుతుంది. పింగళకుడు ఆ తరువాత ఎలా బతికాడన్నది ఆ కథకు అవసరం లేదు. ఆవు తిరిగి వస్తుంది కనుక, దూడ తల్లి లేకుండా ఒక్క పూట కూడా గడపవలసిన పని పడలేదు. మిగిలినవాళ్లు మరునాడు ఎలా లేచారు, ఎవరితో మాట్లాడారు, ఏం తిన్నారు అన్నది రాసే పని నేటి తెలుగు బాలసాహిత్యం చేయాలి. ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు' మన కుటుంబాన్ని పిల్లవాడి కళ్లతో, అతని మాటల్లోనే చూపించి నవ్వించింది. బామ్మా బాబాయీ ఉన్న అలాంటి ఇంట్లోనే బామ్మ లేని మొదటి పండుగ గురించి రాయగల రచయితలు మనకు కావాలి. కరోనా కాలంలో తాతను, అమ్మను, బెంచీ మీద పక్కన కూర్చున్న నేస్తాన్ని పోగొట్టుకొన్న పిల్లలు మన బడుల్లో ఉన్నారు, వాళ్ల కోసం ఎన్ని పుస్తకాలు రాశామో ఈ సభలో ఉన్న రచయితలు ఆలోచించాలని వేడుకుంటున్నాను.

చివరగా ఉపాధ్యాయులకు, గ్రంథపాలకులకు ఒకటి రెండు విన్నపాలు. ఇలాంటి పుస్తకాన్ని చదివి వినిపించేటప్పుడు ఆ అధ్యాయాన్ని దాటవేయకండి, దాన్ని గంట కొట్టే ముందు మొదలుపెట్టకండి కూడా. చదవడం అయ్యాక కనీసం పావుగంట మిగలాలి. ఆ పావుగంటలో ఈ కథలోని నీతి ఏమిటని అడగవద్దు, ప్రశ్నపత్రం ఇవ్వవద్దు. ఒకరు ఏడవవచ్చు, ఒకరు కిటికీలోంచి బయటికి చూడవచ్చు, ఇంకొకరు సాలెపురుగు ఎన్ని రోజులు బతుకుతుందని అడగవచ్చు. అది దుఃఖం లేక అడిగిన ప్రశ్న కాదు, దానికి సరైన జవాబు చెప్పండి. తమ ఇంట్లో పోయినవాళ్ల గురించి ఎవరైనా మొదలుపెడితే మధ్యలో అడ్డురాకండి. ఈ మధ్యనే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకొన్న పిల్లవాడు తరగతిలో ఉంటే, ముందురోజే పక్కకు పిలిచి, రేపు చదవబోయే దాంట్లో ఏముందో చెప్పి, వినాలా వద్దా అన్నది అతనికే వదిలేయండి. పుస్తకాన్ని ఉపాధ్యాయుల బీరువాలో తాళం వేసి కాకుండా, పిల్లల చేతికి అందే అరలో ఉంచండి. ఆ రోజు వద్దన్న పిల్లవాడు ఎప్పుడో ఒకనాడు తనంతట తానే దాన్ని తీసుకోవచ్చు. సెలవు.