తప్పిపోయిన రోజు మర్నాడు

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఏదో ఒక మంచి అలవాటు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లే అయి ఉంటారు. నేనూ వదిలేశాను, చాలాసార్లు. పొద్దున్నే గంటసేపు నడవాలనుకుంటాం. ఐదు రోజులు నడుస్తాం. ఆరో రోజు ఒంట్లో నలతగా ఉండి పడుకుంటాం. ఏడో రోజు "ఎలాగూ తప్పిపోయింది కదా" అనుకుంటాం. అక్కడితో సరి. ఆరో రోజు విశ్రాంతి వల్ల మనకు ఏ నష్టమూ జరగలేదు. నష్టమంతా ఏడో రోజు అనుకున్న ఆ మాట వల్లే. ఇవాళ ఆ మాట గురించే మాట్లాడాలని వచ్చాను.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వినే ఉంటారు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట అది. మారిన ముఖానికి అలవాటు పడటానికి తన పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. నోటా నోటా పాకేసరికి అందులో "కనీసం" ఎగిరిపోయింది. పాపం, 22వ రోజు కూడా కష్టంగానే ఉంటే లోపం తమలోనే ఉందని ఎంతమంది బాధపడ్డారో!

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకున్నారు. అది ఆలోచించకుండా చేసేంత అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలగా, ఇంకొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా వేశారు. నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చిన విషయం వేరే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అందుకని పనిని బాగా చిన్నది చేసుకోండి. జ్వరం తగ్గి లేచిన రోజు, ఆఫీసులో మాటపడి వచ్చిన రోజు కూడా చేయగలిగేంత చిన్నది. దాన్ని ఇప్పటికే రోజూ చేసే పనికి ముడివేయండి. "రోజూ నడుస్తాను" అంటే నిలవదు. "కంచం కడగగానే ఐదు నిమిషాలు నడుస్తాను" అంటే గుర్తుంటుంది. ఐదు నిమిషాలు ఏ మూలకని అడగొచ్చు. వారానికి 150 నుంచి 300 నిమిషాల వ్యాయామం మంచిదని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని 2020లో తీసేసింది. మీ ఐదు నిమిషాలూ లెక్కలోకి వస్తాయి.

మనసుకూ అంతే. టెన్షన్‌గా ఉన్నప్పుడు ఊపిరి నిదానంగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది. పడుకోబోయే ముందు ఐదారుసార్లు చాలు. అయితే దిగులు రెండు వారాలకు పైగా వదలకపోతే, దయచేసి డాక్టరును కలవండి. ఆ బరువు అలవాట్ల మీద వేయకండి.

మీ చేతుల్లో కాగితం, పెన్ను ఉన్నాయి. రెండు వాక్యాలు రాయండి. ఏ పని తర్వాత ఏ చిన్న పని చేస్తారో మొదటిది. ఒక రోజు తప్పితే, మర్నాడు మీకు మీరు ఏమని చెప్పుకుంటారో రెండోది. తొందరేమీ లేదు, నేను ఆగుతాను.