బోర్, బోరు, బోరింగ్: ఒక్క ఇంగ్లీషు మాట కథ

(దృశ్యం: చండూరు దగ్గర ఒక చెలక. బోరు బండి నడుస్తోంది, తెల్లటి దుమ్ము లేస్తోంది.)

నమస్తే. మన నల్లగొండ పల్లెల్లో రోజూ వినపడే మాట బోరు. పాయింట్ ఎక్కడ పెట్టాలి, ఎన్ని ఫీట్లు దిగింది, ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయి... ఊళ్లో సగం ముచ్చట్లు దీనిమీదే, సగం అప్పులూ దీనికోసమే.

ఇంగ్లీషులో బోర్ అంటే తొలచడం. పాత ఇంగ్లీషులో దీన్ని "బోరియన్" అనేవాళ్లు. వడ్రంగి బరమాతో చెక్కకు బెజ్జం వేస్తాడు చూడండి, అదే పని. ఆ బెజ్జాన్నీ బోర్ అనే అంటారు. తుపాకీ గొట్టం లోపలి వెడల్పుకూ అదే పేరు. 12 బోర్ తుపాకీ అంటే, ఒక పౌండు సీసం లోహాన్ని కరిగించి 12 సమానమైన గుండ్లుగా పోస్తే అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం అన్నమాట. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నమవుతుంది.

విసుగు అనే అర్థం ఇంగ్లీషు రాతల్లో 1760ల నుంచి కనిపిస్తుంది. "కొట్టడం" మాత్రం మనం కలుపుకున్నదే. ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, బోర్ కూడా కొడుతుంది! పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోండి: విసుగొస్తే "ఐయామ్ బోర్డ్" అనాలి. "ఐయామ్ బోరింగ్" అంటే ఎదుటివాళ్లకు నేనే విసుగు తెప్పిస్తున్నానని అర్థం. మన దగ్గర బోరింగ్ అంటే చేతిపంపు, అది వేరే సంగతి. బోరుమని ఏడవడం అచ్చ తెలుగు, దానికి ఇంగ్లీషుతో చుట్టరికం లేదు.

(దృశ్యం: పాత బోరింగ్, పక్కన బండరాయి.)

ఇక్కడ కిందంతా గ్రానైటు రాయి. నీళ్లు ఉండేది దాని పగుళ్లలోనే. అందుకే ఒకరి బోరులో నీళ్లు పడితే, పక్క చెలకలో దుమ్మే లేస్తుంది. ఆ రాతిలోని ఫ్లోరైడే నీళ్లలో కరిగి, మర్రిగూడ వైపు ఎంతోమంది ఎముకలను వంచేసింది.

ఫెయిలైన బోరు గురించి ఒక మాట. పైన మట్టి కూలకుండా దించిన కేసింగ్ పైపు పీకి ఇంకో బోరుకు వేసుకుంటే, ఆ గుంత నోరు తెరుచుకునే ఉంటుంది. చిన్నపిల్లలు పడేది అందులోనే. మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీ చెలకలో అలాంటిది ఉంటే ఈ వారమే పూడ్పించండి.