సబ్బు బీరువాలో ఉంటే

(మే 12న ఒక నర్సింగ్ కాలేజీ సభలో విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్ చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెబుదామనుకున్నాను గానీ, నా ముందు మాట్లాడినవాళ్లంతా ఆ పని చేసేశారు. వెనక వరసలో పిల్లలు అప్పుడే టీ గిన్నె వైపు చూస్తున్నారు.

నాకిచ్చిన అంశం ‘వైద్యసేవల నాణ్యత పెంచడంలో పరిశోధన పాత్ర’. కాగితం మీద పాయింట్లు రాసుకునే వచ్చాను. ఎంతవరకు చెబుతానో చూద్దాం.

ఇందాక మన నర్సింగ్‌కి దారి చూపిన ఫ్లోరెన్స్ నైటింగేల్ గారి ఫొటోకి దండ వేశాం. ప్రతి ఏడాదీ ఆవిడ దీపం గురించే చెప్పుకుంటాం, లెక్కల ఊసెత్తం. 1850ల నాటి క్రిమియా యుద్ధంలో గాయాలతో కన్నా కలరా, విరేచనాల లాంటి జబ్బులతోనే ఎక్కువమంది సైనికులు పోయారని బొమ్మలు గీసి మరీ పెద్దల ముందు పెట్టిందావిడ. అంటే పరిశోధన మనకి కొత్తగా ఎవరో నేర్పేది కాదమ్మా, మన ఇంటి విద్యే.

దానికి కాస్త ముందు, 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అని ఒక డాక్టరు ఉండేవాడు. వాళ్ల ఆస్పత్రిలో రెండు కాన్పుల వార్డులు. ఒకటి డాక్టర్లూ వైద్య విద్యార్థులూ చూసేది, రెండోది మంత్రసానులు చూసేది. బాలింతలు ఎక్కువగా చనిపోయింది డాక్టర్ల వార్డులో! వాళ్లు శవపరీక్ష గదిలోంచి నేరుగా కాన్పు గదిలోకి వచ్చేవాళ్లు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కుని రమ్మన్నాడు సెమ్మెల్‌వైస్. ఏప్రిల్లో 18 శాతం ఉన్న మరణాలు జూన్‌కి రెండు శాతానికి దిగాయి. నవ్వండి, పర్వాలేదు, మంత్రసానుల పక్షం మనమే కదా.

ఇక మన దేశం. ఉత్తరప్రదేశ్‌లో 24 జిల్లాలు, 120 ఆస్పత్రుల్లో బెటర్‌బర్త్ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2017లో వచ్చాయి. కాన్పుకి ముందు, కాన్పప్పుడు, తర్వాత ఏం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన చెక్‌లిస్టు ఉంది. సగం ఆస్పత్రుల్లో ఆ చెక్‌లిస్టు ఇచ్చి, దాని ప్రకారం చేయించడానికి కోచ్‌లను పంపారు. రెండు నెలలకి చూస్తే, చేయాల్సిన పనుల్లో అక్కడ 73 శాతం జరుగుతున్నాయి, మిగతా చోట్ల 42 శాతం. చప్పట్లు కొట్టాల్సిందే. కానీ తల్లీబిడ్డల మరణాలు, తల్లులకు వచ్చే తీవ్రమైన సమస్యలు కలిపి లెక్కేస్తే? చెక్‌లిస్టు ఇచ్చిన చోట 15.1 శాతం, మిగతా చోట్ల 15.3. తేడా లేనట్టే. ఆ మాట దాచకుండా అచ్చేశారు చూడండి, అందుకు వాళ్లకి దండం పెట్టాలి.

చెక్‌లిస్టు దండగ అనడం లేదు నేను. ఆపరేషన్ థియేటర్ చెక్‌లిస్టు మీద ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. అందులో మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. కానీ రక్తస్రావమవుతున్న తల్లికి టిక్కు పెడితే ఎక్కించడానికి రక్తం రాదు కదా. రక్తం సీసా ఉండాలి, సిజేరియన్ చేసే డాక్టరు ఉండాలి, పెద్దాస్పత్రికి పంపాలంటే బండి ఉండాలి.

అసలు విషయానికొస్తున్నాను. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో లిక్విడ్ సబ్బు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. తాళంచెవి స్టోరు ఆయన దగ్గర. ఇన్‌స్పెక్షన్ అనగానే సబ్బు సీసాలు, కొత్త తువ్వాళ్లు, రంగురంగుల చెత్తడబ్బాలు బయటికొచ్చేవి. సింకు పైన చేతులు కడుక్కునే ఆరు బొమ్మల పోస్టరు మాత్రం ఏడాదంతా ఉండేది. జీపు గేటు దాటగానే సబ్బు మళ్లీ బీరువాలోకే. ఇండెంటు రాసి రాసి నా చెయ్యి పడిపోయింది. “సిస్టర్, మొన్నేగా ఇచ్చాం” అనేవాడాయన. మొన్న కాదు బాబూ, దసరాకి!

పార్టోగ్రామ్, అంటే నొప్పులు పడుతున్నప్పుడు తల్లీబిడ్డల పరిస్థితి ఎప్పటికప్పుడు గీసే షీటు, దాని సంగతీ అంతే. రాత్రి డ్యూటీలో సిస్టర్ ఒక్కతే, టేబుళ్ల మీద ముగ్గురు. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినాలి, రాయాలి. ఎప్పుడు రాస్తుంది? బిడ్డ పుట్టాక తెల్లవారుజామున కూర్చుని గీస్తుంది. అన్ని షీట్లూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, స్కేలు పెట్టినట్టు గీత. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన వాటిని చూసి “వెరీ నీట్” అన్నాడు. ఆ నీట్ షీట్లే పైకి వెళ్లి లెక్కలవుతాయి. ఆ అమ్మాయిని తిట్టడానికి నాకు మనసు రాలేదు. రెండో సిస్టర్‌ని వేయమని పైవాళ్లని అడిగితే, రెండో రిజిస్టర్ ఇచ్చారు.

నా పాయింట్ల కాగితంలో ఇంకా నాలుగున్నాయి, వదిలేస్తున్నాను.

థర్డ్ ఇయర్ వాళ్లు చేతులెత్తండి. మీరు ప్రాజెక్టు చేయాలిగా? వందమందికి ప్రశ్నల కాగితాలు పంచి ‘నర్సుల అవగాహన’ అని రాసుకురాకండి. చేతులు కడగాలని తెలియని నర్సు లేదు. మీకు పోస్టింగ్ ఉన్న వార్డులో వారంపాటు గంటగంటకీ కుళాయి తిప్పి చూడండి. నీళ్లొచ్చాయా, సబ్బుందా, చివరి మంచం నుంచి సింకుకి ఎన్ని అడుగులు, ఆ షిఫ్టులో సిస్టర్లెందరు, రోగులెందరు. ఉన్నది ఉన్నట్టు రాయండి. ప్రిన్సిపాల్ మేడమ్, దయచేసి ఈ ప్రాజెక్టుకి ఒప్పుకోండి. పిల్లలూ, రాసిందాన్ని ఒక కాపీ సూపరింటెండెంట్ గారికి, ఇంకోటి స్టోరుకి పంపండి. స్టోరు నుంచి సంతకం తీసుకోవడం మరిచిపోవద్దు.